మా తాత నలభై రెండో రాజీనామా

మా తాత ఒరెస్ట్ కుజిక్ రాజీనామాలు చేసేవాడు. ఉద్యోగానికి కాదు. ధాన్యపు గిడ్డంగిలో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేశాడు, వాళ్ళే చేతికి గడియారం కట్టి సాగనంపేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయన రాజీనామా చేసేది మంచు హాకీ అభిమానానికి. మా ఊరి జట్టు బ్రెన్నాక్ బాడ్జర్స్‌కి అభిమానిగా ఉండటం ఒక పదవి అనీ, అందులో చేరినా మానినా కాగితం మీదే జరగాలనీ ఆయన సిద్ధాంతం. మొత్తం నలభై రెండుసార్లు మానేశాడు. నలభై ఒక్కసార్లు మళ్ళీ చేరాడు. ఆ ఒక్క తేడా కొన్నాళ్ళు అలాగే ఉండిపోయింది, అది నా నిర్వాకం. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మా ఊళ్ళో చలికాలంలో చెవులు వేడెక్కడమంటే మాటలు కాదు.

ఆదివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. అంతకుముందు మా నాయనమ్మ రాసేది. ఆమె పోయాక, తొమ్మిదేళ్ళ వయసులో ఆ కలం నా చేతికొచ్చింది. మా నాన్న లారీ డ్రైవరు, నెలకి పదిరోజులు ఇంట్లో ఉంటే పండగే. కాబట్టి నా చదువంతా తాత చేతుల్లోనే నడిచింది. పదకొండో తరగతిలో బడి మానేశాను గానీ, రాజీనామా రాయమంటే మా పంతులమ్మకన్నా బాగా రాస్తాను.

"రాయి పిల్లా. అయ్యా. కింద సంతకం చేసిన ఒరెస్ట్ కుజిక్ అను నేను, బ్రెన్నాక్ బాడ్జర్స్ అభిమాని పదవికి ఈ క్షణం నుంచి రాజీనామా చేస్తున్నాను. కారణం: హాట్‌డాగ్ మీద వేసే ఆవాల ముద్ద నీళ్ళలా ఉంది."

"ఆవాల ముద్దకా తాతా?"

"ముద్ద కాదది, కషాయం. రాయి. ఇకమీదట మీరు నా ముఖం చూడరు."

ఆఖరి వాక్యం ఎప్పుడూ అదే. సోమవారం పొద్దున పెట్రోలు బంకు పక్క కేఫ్‌లో ముసలాళ్ళ కాఫీ బల్ల దగ్గర నిలబడి ఆ ఉత్తరం గట్టిగా చదివేవాడు. తరవాత ఆట జరిగే మంచు మైదానానికి, అంటే రింకుకి వెళ్ళి, జట్టు మేనేజర్ లోర్న్ గది తలుపుకి అంటించేవాడు. మూడురోజులపాటు ఊళ్ళో ఎవరిని కదిపినా ఆవాల ముద్ద కబురే. గురువారం మాత్రం రింకుకి వెళ్ళి ఆటగాళ్ళ స్కేట్ల కింది ఉక్కు అంచులకి సానపట్టేవాడు. అది పని, అభిమానం కిందికి రాదట. శుక్రవారం ఒక సీసాడు ఊరబెట్టిన దోసకాయలు, సోయికూర, వెల్లుల్లి దట్టించినవి, తీసుకెళ్ళి లోర్న్ బల్లమీద పెట్టేవాడు. దోసకాయల సీసా పెట్టాడంటే రాజీనామా వెనక్కి తీసుకున్నట్టు. శనివారం ఆరో వరస పదకొండో కుర్చీలో, ఏమీ జరగనట్టు, టోపీ చెవుల మీదికి లాక్కుని కూర్చునేవాడు.

ఒకసారి పేలాల మీద వెన్న చాల్లేదని మానేశాడు. ఒకసారి మూత్రశాలలో చేతులు తుడుచుకునే కాగితం గరుగ్గా ఉందని. ఒకసారి, ప్రత్యర్థి జట్టు బస్సు మా బస్సుకన్నా శుభ్రంగా ఉందని. ఆటగురించి ఒక్కసారీ మానలేదు. ఆరు సున్నాతో ఓడినా సరే, కాగితంలో మాత్రం ఆవాల ముద్దే ఉండేది. నాకది అప్పుడు పిచ్చిలా కనిపించేది. నేనూ పెద్దదాన్నయి అదే రింకులో మంచు బండి నడిపే పనిలో చేరాక, పిచ్చి కాస్తా తలవంపుగా కనిపించసాగింది. విరామంలో మంచు మీద వేడినీళ్ళు పోసి నున్నగా చేసే బండి అది. దానిమీద కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది, ఊరికి మనమూ కనిపిస్తాం. ప్రతి సోమవారం ఎవడో ఒకడు, "ఏం మార్నీ, ఈ వారం మీ తాత దేనికలిగాడు?" అనేవాడు. నేను బండి చప్పుడుకి వినపడనట్టు నటించేదాన్ని.

ఇక ఎమెట్ సంగతి. పంతొమ్మిదేళ్ళవాడు. మా జట్టుకి అలాంటి ఆటగాడు ఇరవయ్యేళ్ళకొకడు దొరుకుతాడు. కుర్రాళ్ళందరిలాగే వాడూ బయటూరినుంచి వచ్చి, మా ఊళ్ళో వర్నా అత్తయ్య ఇంట్లో ఉంటూ ఆడేవాడు. మూడునెలల్లో ముప్ఫై గోల్స్ కొట్టాడు. మంచు తోయడానికి ముసలాళ్ళ గుమ్మాల్లో చెప్పకుండా ప్రత్యక్షమయ్యేవాడు. సెప్టెంబరులో ఊరి విందులో మైకు చేతికిస్తే, "కప్పు కొట్టేదాకా ఈ ఊరు వదలను," అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు వర్నా అత్తయ్య ఏడ్చింది కూడా.

జనవరి పదో తారీఖున, ఆటగాళ్ళ మార్పిడికి ఆఖరిరోజున, వాణ్ణి కాస్టర్ లేక్‌కి ఇచ్చేశారు. కాస్టర్ లేక్ అంటే మాకు ఆగర్భశత్రువు. బదులుగా వచ్చినవి: ఒక డిఫెన్సు కుర్రాడు, మా జట్టు బస్సుకి నాలుగు చలికాలపు టైర్లు.

కాఫీ బల్లమీద ఆ రోజు ఎవరూ చక్కెర కలుపుకోలేదు.

"టైర్లా?" అన్నాడు వాలీ. ఆ బల్లకి పెద్దనోరు ఆయనే. "ముప్ఫై గోల్స్ కొట్టినవాణ్ణిచ్చి టైర్లు తెచ్చుకుంటారా? లోర్న్‌కి మతిపోయిందా?"

"లోర్న్ తప్పు కాదట," అన్నాడు పక్కాయన. "మా బావమరిది కాస్టర్ లేక్‌లో ఉంటాడుగా. ఆ కుర్రాడే అడుక్కుని మరీ పోయాడట."

పారిపోయినవాడిమీదొచ్చే కోపం వేరు.

"వదలను అన్నాడు. మైకులో అన్నాడు," అన్నాడు వాలీ మెల్లగా. "ఇరవైతొమ్మిదిన వాళ్ళతో ఇక్కడే ఆట. రానీ చెప్తాను."

అప్పుడందరూ మా తాతవైపు తిరిగారు. ఇలాంటి రోజున కాకపోతే ఎప్పుడు చేస్తాడు రాజీనామా?

మా తాత కాఫీ ఊదుకుని తాగాడు. "టైర్లు మంచివే అయ్యుంటాయి," అన్నాడు.

"ఏరా ఒరెస్ట్, కాగితాలయిపోయాయా?"

"ఉన్నాయి. ఇంకా టైముంది."

ఆదివారం వచ్చింది. నేను బల్లమీద కాగితం, కలం పెట్టి కూర్చున్నాను. ఆయన దోసెడు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తిని లేచి వెళ్ళిపోయాడు. ఆవాల ముద్దకి మానేసే మనిషి, ఎమెట్ పోతే మానడా? ఒంట్లో బాలేదేమోనని నుదురు పట్టుకు చూశాను. చల్లగానే ఉంది.

ఈలోగా వాలీ ఊరంతా తిరిగి ఒక పథకం వేశాడు. ఊరగాయ సీసాల మూతలకి ఎర్ర రబ్బరు చుట్లు వేస్తాం కదా, అవి చూడ్డానికి చిన్న టైర్లలా ఉంటాయి. ఎమెట్ మంచుమీద అడుగుపెట్టగానే ఊరంతా అవి విసరాలి. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ రబ్బర్లున్నది మా తాత దగ్గర. ఒక బిస్కెట్ డబ్బా నిండా దాచుకున్నాడు.

"ఓ గుప్పెడివ్వరా ఒరెస్ట్."

"ఇవ్వను."

"ఎందుకు?"

"సీసాలకి కావాలి."

"జనవరిలో దోసకాయలెక్కణ్ణుంచొస్తాయిరా?"

"ఆగస్టులో వస్తాయి."

వాలీ నన్ను రింకులో పట్టుకున్నాడు. నాకూ ఎమెట్ మీద మండిపోతూనే ఉంది. సెప్టెంబరు విందులో లేచి నిలబడినవాళ్ళలో నేనూ ఉన్నాను. అంతకన్నా ముఖ్యం, ఒక్కసారైనా ఊరు నన్ను చూసి నవ్వకుండా, నాతో కలిసి నవ్వితే బాగుండుననిపించింది. తాత నిద్రపోతుండగా డబ్బాలోంచి మూడు డజన్లు తీసి కోటు జేబులో వేసుకున్నాను.

ఇరవైతొమ్మిదో తారీఖు, శనివారం మధ్యాహ్నం రెండుగంటలకి ఆట. రింకు కిటకిటలాడింది. కాస్టర్ లేక్ చొక్కాలో ఎమెట్ బయటికి రాగానే ఎర్ర రబ్బర్లు వానలా పడ్డాయి. రిఫరీ ఈల వేశాడు, మైకులో హెచ్చరించారు, మంచు ఊడ్చారు. ఆ తరవాత వాడి కర్రకి పక్, ఆటలో కొట్టే ఆ రబ్బరు బిళ్ళ, తగిలినప్పుడల్లా ఊరు మొత్తం, "టైరూ," అని సాగదీసింది. నేను బండి గది దగ్గర నిలబడి అందరికన్నా గట్టిగా సాగదీశాను. వాడు తల వంచుకునే ఆడాడు. ఎదురుగా ఖాళీగా ఉన్న గోల్‌లోకి కొట్టలేకపోయాడు. ఎవరూ తాకకుండానే ఒకసారి పడిపోయాడు. వర్నా అత్తయ్య చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్ళు చూస్తే చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మొదటి విరామంలో నేను బండి తీశాను. రెండు చుట్లు వేసి మధ్యకి తిరిగేసరికి, మంచు నడిబొడ్డున మా తాత.

భుజాన కుర్చీ. ఆరో వరస పదకొండో కుర్చీయే. మరసీలలు విప్పి, చెక్క కుర్చీ మొత్తం ఊడదీసి మోసుకొచ్చాడు. సరిగ్గా మధ్య చుక్కమీద, నేనప్పుడే పోసిన వేడినీళ్ళలో దించి, దానిమీద కూర్చున్నాడు.

హారన్ కొట్టాను. ఆయన చెయ్యూపాడు.

"తాతా. లే."

"కాసేపాగు పిల్లా. చదవాల్సింది ఉంది."

"అందరూ చూస్తున్నారు."

"చూడాలనేగా."

జేబులోంచి కాగితం తీశాడు. ఆయన చేత్తోనే రాసుకున్నాడు. నన్ను రాయమనకపోవడం అదే మొదలు. రింకంతా నిశ్శబ్దమైంది. ఎమెట్‌ని ఉతికి ఆరేస్తాడని అందరూ మెడలు చాచారు.

"అయ్యా. కింద సంతకం చేసిన ఒరెస్ట్ కుజిక్ అను నేను, అభిమాని పదవికి ఈ క్షణం నుంచి రాజీనామా చేస్తున్నాను. కారణం: ఈ కుర్చీ కిర్రుమంటోంది. ఎనభై ఒకటి నుంచి మొరపెట్టుకుంటున్నాను. సాక్ష్యం తెచ్చాను, వినండి." అంటూ కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగాడు. కిర్రు కిర్రుమంది. ఆ నిశ్శబ్దంలో ఆఖరి వరసదాకా వినిపించింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. వాలీ కంచె పట్టుకుని వంగిపోయాడు.

అసలు కథ తరవాత మొదలైంది. లేద్దామని చూస్తే కుర్చీ లేవలేదు. వేడినీళ్ళు గడ్డకట్టి నాలుగు కోళ్ళూ, ఆయన బూట్లూ మంచుకి అతుక్కుపోయాయి. లాగితే కుర్చీతోబాటు ఆయనా ఊగాడు, కిర్రు కిర్రు. ఇద్దరు మనుషులొచ్చారు, గునపం వచ్చింది. చివరికి రెండు జట్లవాళ్ళూ బయటికొచ్చి గుమిగూడారు. మోకాళ్ళమీద కూర్చుని స్కేటు అంచుతో ఆయన బూటు చుట్టూ మంచు గీకింది ఎమెట్. వాడు ఏదో అన్నాడు, తాత ఏదో అన్నాడు. వాడు నవ్వడం నాకు కనిపించింది. ఆ మధ్యాహ్నం మొత్తంలో అదే మొదటిసారి.

ముప్ఫై అయిదు నిమిషాలు ఆలస్యంగా ఆట మళ్ళీ మొదలైంది. ఇక ఎవరికీ టైర్లు గుర్తులేవు. ఎవడు పడినా, "కిర్రు కిర్రు." రిఫరీ వంగినా, "కిర్రు కిర్రు." మిగిలిన రబ్బర్లన్నీ మా తాతమీద విసిరారు, ఆయన ఏరి జేబులో వేసుకున్నాడు. ఎమెట్ రెండు గోల్స్ కొట్టాడు. మేం ఓడిపోయాం. జనం నవ్వుకుంటూ ఇళ్ళకెళ్ళారు.

నేను నవ్వలేదు. ఇంటికి పోతూ ట్రక్కులో ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు.

"నీ పరువు సంగతి నీ ఇష్టం. నేను ఆ రింకులో పనిచేసుకు బతకాలి. నిన్ను చూస్తే సిగ్గేస్తోంది. ఇక రాకు. ఇంట్లో ఉండు."

"సరే," అన్నాడు తాత.

అంతే అన్నాడు. వాదించే మనిషి వాదించకపోతే ఎంత ఇరుకుగా ఉంటుందో ఆ ట్రక్కులో తెలిసింది.

రింకు కమిటీవాళ్ళు వేసవి వచ్చేదాకా లోపలికి రావద్దని ఆయనకి కబురు పంపారు. దానికీ సరే అన్నాడు. శుక్రవారం వచ్చింది, దోసకాయల సీసా అటకమీదినుంచి దిగలేదు. గురువారాలు సానపట్టే గది తాళం తీయలేదు. కుర్రాళ్ళు మొండి స్కేట్లతో జారిపడుతున్నారు. తాత శనివారాలు వంటింట్లో రేడియో పెట్టుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుని కూర్చునేవాడు. ఇంట్లో టోపీ ఎందుకని అడిగితే, ఆట చలిగా ఉందన్నాడు.

రెండు వారాలు చూశాను. మూడో శుక్రవారం నేనే అటకెక్కి సీసా దించి, లోర్న్ గదికి తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను.

"కుదరదు," అన్నాడు లోర్న్. "రాసినవాడే తేవాలి. అది రూలు."

"ఎవరి రూలు?"

"మీ తాతదే."

లోర్న్ యాభై దాటిన మనిషి, పీలగా ఉంటాడు. ఎమెట్‌ని ఇచ్చేసిన దగ్గర్నుంచి ఊరు ఆయన ట్రక్కుమీద గుడ్లు కొడుతోంది. ఆ చలికి గుడ్లు గడ్డకట్టి, పగలకుండా బండిమీదినుంచి దొర్లిపోయేవి. ఆయన వాటిని ఏరుకుని అట్లేసుకుంటున్నాడని వినికిడి.

"నువ్వు ఆయన్ని ఇంట్లో కూర్చోమన్నావటగా," అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఆయనే. ఫోను చేసి, సానరాయి తడిపి ఉంచమని చెప్తూ అన్నాడు. పిల్ల అడిగింది, పిల్ల మాట కాదనలేనన్నాడు."

లోర్న్ సొరుగు లాగి ఒక కట్ట నా ముందు పడేశాడు. రాజీనామాలు. పైవి నా దస్తూరీ, కిందవి నాయనమ్మది. వాటిపక్కన ఇన్నేళ్ళ ఆటల ఫలితాల పుస్తకం పెట్టాడు.

"తారీఖులు చూడు."

నేను చూశాను. పేలాల మీద వెన్న ఉత్తరం, తొంభై ఆరు ఫిబ్రవరి. దానికి ముందురోజు ఆటలో పదిహేడేళ్ళ కుర్రాడొకడు మన గోల్‌లోకే పక్ కొట్టుకున్నాడు. గరుకు కాగితం ఉత్తరానికి ముందురోజు, గెలిచే ఆటలో ఒకడు కోపంతో కర్ర విరగ్గొట్టి బయటికెళ్ళాడు, ఆట పోయింది. ఆవాల ముద్ద ఉత్తరం నాకు గుర్తే. ముందురోజు మన గోలీ, అంటే గోల్ కాసే కుర్రాడు, ఆరు గోల్స్ వదిలేశాడు. ఆ సోమవారం ఊళ్ళో ఆ పిల్లాడి పేరెత్తినవాళ్ళు లేరు. ఊరంతా ఆవాల ముద్దని చీల్చి చెండాడింది.

ఒక్కో కాగితం తిప్పుతుంటే చెవులు వేడెక్కడం మొదలెట్టాయి.

"ఇది గమనించడానికి నాకే పదేళ్ళు పట్టింది," అన్నాడు లోర్న్. "నిలదీస్తే, ఆవాల ముద్ద నిజంగానే పల్చగా ఉందన్నాడు."

"మరి ఎమెట్?"

లోర్న్ లేచి తలుపు మూశాడు. "వాడే వెళ్తానన్నాడు. వాళ్ళ నాన్న చెయ్యి ధాన్యం ఎక్కించే యంత్రంలో పడింది. రెండొందల ఆవులు, ఫిబ్రవరిలో ఈనడం మొదలవుతుంది. చూసుకునే దిక్కులేదు. కాస్టర్ లేక్ నుంచైతే రోజూ ఇంటికెళ్ళి రావచ్చు. చెయ్యి సంగతి ఎవరికీ తెలియకూడదని ఆ తండ్రి పట్టు, బతికున్నంతకాలం ఎవరి సాయమూ అడగని మనిషి. ఊరికిచ్చిన మాట తప్పుతున్నానని కుర్రాడు సిగ్గుతో చచ్చిపోతున్నాడు. సానరాయి దగ్గర మీ తాతకి చెప్పుకున్నాడు. నా దగ్గరికి వెంటబెట్టుకొచ్చింది ఆయనే."

సానరాయి తిరుగుతుంటే లోపలి మాట గుమ్మం దగ్గరున్నవాళ్ళకి కూడా వినపడదు. కుర్రాళ్ళు గురువారాలు అక్కడ అంతసేపు ఎందుకు నిలబడేవాళ్ళో అప్పుడు తెలిసింది.

"మరి టైర్లెందుకడిగావు?"

"ఊరికే ఇస్తే ఎందుకిచ్చారని తవ్వుతారు, టైర్లడిగితే నిన్నే తిట్టుకుంటారు అన్నాడు మీ తాత." లోర్న్ కిటికీలోంచి తన ట్రక్కువైపు చూశాడు. "మంచి సలహా ఇచ్చాడు."

(ఇదంతా ఇప్పుడు రాయొచ్చు. ఎమెట్ నాన్నే ఆ చెయ్యి అందరికీ చూపించి గొప్పగా చెప్పుకుంటున్నాడు.)

వచ్చేటప్పుడు లోర్న్ ఒక కవరిచ్చాడు. రింకు చిరునామాకి వచ్చింది, పైన తాత పేరు. తెచ్చి ఇస్తే తాత కత్తితో జాగ్రత్తగా చింపాడు. లోపల ఒక ఫొటో. తడితడి దూడ, మొండి ముఖం. వెనక రాసింది బల్లకి ఇవతల్నుంచి నాకూ కనిపించింది: "మొదటిది. రోజుకి రెండుసార్లు పాలు వద్దని వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. ఒరెస్ట్ అని పేరు పెట్టాం."

"ఎవరిది తాతా?"

"తెలిసినవాళ్ళది."

"బాగుంది."

"చెవులు పెద్దవి," అన్నాడు, ఫొటో టోపీలో దోపుకుంటూ.

అదే సరైన సమయం, క్షమించమని అడగడానికి. నోరు తెరిచాను. "దోసకాయ తింటావా?" అని మూసుకున్నాను. మా ఇంట్లో రాజీనామాకి పద్ధతుంది గానీ, క్షమాపణకి లేదు.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఓడితే ఇంటికే అన్న ఆట. తాత వంటింట్లో రేడియో దగ్గర, నేను బండి గదిలో. ఆటలోని మూడు పీరియడ్లలో రెండోది అయిపోతుందనగా అవతలివాడు నడిమధ్యనుంచి పక్‌ని ఊరికే ఇటు తోశాడు. అది నత్తలా దొర్లుకుంటూ వచ్చింది. మా గోలీ టోబీ, పదిహేడేళ్ళవాడు, దాన్ని ఆపడానికి వంగాడు. అది ఒక్కసారి ఎగిరి, వాడి కాళ్ళమధ్యనుంచి లోపలికెళ్ళింది.

రింకులో మొదట ఒక మూలుగు. తరవాత ఎక్కడో ఒక గొంతు, దానికి ఇంకో గొంతు. గంట మోగింది. టోబీ ముసుగు తీయకుండానే తల వంచుకుని నా పక్కనుంచి లోపలికెళ్ళాడు. ముసుగు లోపల వాడి ముక్కు చప్పుడు వినిపించింది.

పైన వాలీ లేచి నిలబడి నోటికి చేతులు అడ్డం పెట్టుకుంటున్నాడు. ఏం అరుస్తాడో ఇంకా తేల్చుకోలేదు. అరిచాడంటే ఆ మాట టోబీకి నలభై ఏళ్ళు అంటుకుంటుంది.

నేను బండి తీశాను. ఒక్క చుట్టు వేసి, సరిగ్గా మధ్య చుక్కమీద ఆపి, దిగాను. జేబులో ఉన్నది పేలాల దుకాణం రసీదు. దాన్నే రెండు చేతులా పట్టుకుని ముఖం ముందుకి తెచ్చుకున్నాను.

"అయ్యా. కింద సంతకం చేసిన మార్నీ కుజిక్ అను నేను," అని మొదలెట్టాను. "అభిమాని పదవికి ఈ క్షణం నుంచి రాజీనామా చేస్తున్నాను. కారణం." కారణం ఏమీ తట్టలేదు. చేతిలో రసీదు. "కారణం: పేలాల మీద వెన్న చాలడం లేదు. ఇకమీదట మీరు నా ముఖం చూడరు."

వాలీ చేతులు దించాడు. "అమ్మో, ఇది మనవరాలికి కూడా పట్టిందిరా," అన్నాడు. ఊరు పకపకా నవ్వింది. పేలాలు వచ్చి నా నెత్తిమీద పడ్డాయి. రేడియోవాడు తన గదిలో గొంతు చించుకుని వెన్న సంగతి రాష్ట్రమంతటికీ చెప్పాడు. అందరూ నన్నే చూస్తున్నారు, ఒళ్ళంతా భగ్గుమంటోంది. ఇది తాత నలభై రెండుసార్లు ఎలా చేశాడో నాకర్థం కాలేదు. బండి ఎక్కబోతే బూటు మంచుకి అతుక్కుంది. అది నేను కావాలని చేసింది కాదు, కానీ బాగా పనిచేసింది.

మూడో పీరియడ్‌లో టోబీని చూసి ఎవరూ ఏమీ అనలేదు. వాడు పదకొండు ఆపాడు. అయినా ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. తాత వంటింట్లో అలాగే కూర్చుని ఉన్నాడు, రేడియో ఆపేసి.

"వెన్న సంగతి నేను తొంభై ఆరులోనే రాశాను," అన్నాడు. "కొత్త కారణమే దొరకలేదా?"

"అప్పటికప్పుడు తట్టలేదు."

"ముందే ఆలోచించి పెట్టుకోవాలి. నా దగ్గర ఇంకో ఆరున్నాయి, తరవాత చెప్తాలే." నా జుట్టులో ఉన్న పేలపు గింజ తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలి చూశాడు. "నిజంగానే చాల్లేదు."

"తాతా, ఆ రోజు ట్రక్కులో నేను..."

"నిచ్చెన పట్టుకో," అన్నాడు.

అటకెక్కి రెండు సీసాలు దించాడు. తుడిచి బల్లమీద పక్కపక్కన పెట్టాడు.

"ఒకటి నీది, ఒకటి నాది. శుక్రవారం ఇద్దరం వెళ్దాం. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి నేను గుమ్మం దగ్గర నిలబడతాను, లోర్న్ బయటికొచ్చి తీసుకుంటాడు."

"సరే."

"నిలువుగా పట్టుకో మరి. నీ సీసా మూతకి రబ్బరు వేయలేదు, కారుతుంది." సీసాని నా వైపు జరిపాడు. "మూడు డజన్లు పోయాయి. మంచుమీద ఏరితే పంతొమ్మిదే దొరికాయి."

శుక్రవారం ఎంత నిలువుగా పట్టుకున్నా, వెల్లుల్లి నీళ్ళు నా కోటు ముందంతా కారాయి. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోలేదు. ఇప్పటికీ నేను మంచు బండి ఎక్కితే, మొదటి వరసవాళ్ళు దోసకాయలు గుర్తొచ్చి ఆకలేస్తోందంటారు.